రెండు చుక్కలా, మూడు చుక్కలా? మామిడి మీది తేనెమంచు పురుగుల గురించి

(చిత్తూరులో నవంబరు నెలలో ఒక సాయంత్రం మామిడి రైతులు, డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడినవారు కీటకశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

నమస్కారమండీ. వెనక వరసల వాళ్లకు వినబడుతోందా? వినబడనివాళ్లు చెయ్యెత్తండి. ఎత్తారా? ఎత్తారంటే నా మాట వినబడినట్టే. దించండి.

ముందు ఈ రెండు సీసాల సంగతి. ఒకటి కుడివైపు నుంచి పంపిస్తున్నాను, ఇంకోటి ఎడమవైపు నుంచి. రెండింటితోనూ ఒక్కో భూతద్దం వస్తుంది. చూసి పక్కవాళ్లకు ఇవ్వండి. మూత మాత్రం తియ్యొద్దు. లోపలున్నవి బతికే ఉన్నాయి. నిన్న పొద్దున పెనుమూరు పక్క ఒక తోపులో పట్టాను. ఆ రైతు నన్ను చూసి, "ఏం సార్, చంపడానికి రమ్మంటే సాకడానికి పట్టుకుపోతుండారా?" అన్నాడు. సాకడానికే అన్నాను. ఒక్క రోజు సాకితే చాలు, మీ అందరికీ చూపించొచ్చు.

సీసా చేతికొచ్చినవాళ్లు చెప్పండి, ఏమిటవి? గట్టిగా చెప్పండి. తేనెమంచు పురుగు. సరే. ఆ ఎడమవైపు సీసాలో? అదీ తేనెమంచు పురుగే. ఇంకెవరైనా వేరే పేరు చెప్తారా? చెప్పరు. ఎందుకంటే మనకున్నది ఒకటే పేరు. మందుల అంగడిలోనూ అదే పేరు, పేపర్లో వ్యవసాయం పేజీలోనూ అదే పేరు. కానీ ఈ రెండు సీసాల్లో ఉన్నవి రెండు వేరు వేరు పురుగులు. అన్నదమ్ములు కూడా కావు. దాయాదులు అనుకోండి. ఇల్లు వేరు, వాకిలి వేరు, భోజనం దగ్గర మాత్రం ఒకే పంక్తి. ఇవాళ నేను చెప్పబోయేది ఈ తేడా గురించే.

అసలు పురుగులకు మనం పేర్లు పెట్టే పద్ధతి గురించి ఒక మాట చెప్పనివ్వండి, తర్వాత చెట్టు దగ్గరికి పోదాం. వరిలో సుడిదోమ అంటాం. అది దోమా? కాదు. పత్తిలో పచ్చదోమ, తెల్లదోమ. అవి దోమలా? కావు. జీడిమామిడిలో టీ దోమ అంటారు, అదీ దోమ కాదు. పేనుబంకలో పేను లేదు. మరి నల్లి? పిండినల్లి అంటాం, మిరప తోటలో నల్లి అంటాం. పిండినల్లికి ఆరు కాళ్లు. మిరప నల్లికి ఎనిమిది కాళ్లు. ఎనిమిది కాళ్లుంటే అది కీటకమే కాదు, సాలీడు వైపు చుట్టం. చూశారా? దోమ కానిదాన్ని దోమ అన్నాం, నల్లి కానిదాన్ని నల్లి అన్నాం.

తమాషా ఏమిటంటే, ఇప్పుడు చెప్పినవాటిలో సుడిదోమ, పచ్చదోమ, తెల్లదోమ, టీ దోమ, పేనుబంక, పిండినల్లి, ఇవన్నీ ఒకే పెద్ద కులం. మన మంచంలో ఉండే నల్లి కూడా ఆ కులమే. చింతచెట్టు మీద కూర్చుని చెవులు చిల్లులు పడేట్టు అరిచే ఈల పురుగూ అంతే. లక్క ఇచ్చే పురుగూ అంతే. బూరుగ కాయలు పగిలే కాలంలో చెట్టు కింద ఎర్రగా జంటలు జంటలుగా, ఒకటి ముందుకు ఒకటి వెనక్కు లాగుతూ తిరిగే పురుగులు చూశారు కదా, చిన్నప్పుడు అగ్గిపెట్టెలో వేసుకునేవాళ్లం, అవీ అంతే. శాస్త్రంలో ఈ కులం పేరు హెమిప్టెరా. గ్రీకు మాట, సగం రెక్క అని అర్థం. 1758లో లిన్నేయస్ రాసిన పట్టికలోనే ఉంది ఈ పేరు. ప్రపంచంలో వీటి జాతులు 80,000కు పైనే. ఇంగ్లీషు వాళ్లు ప్రతి పురుగునూ బగ్ అనేస్తారు కానీ, కీటకశాస్త్రం వాళ్లకు అసలైన బగ్ అంటే ఈ కులంలోదే. వాళ్లలోనూ పట్టింపు ఎక్కువున్నవాళ్లు రెక్క నిజంగా సగం తోలు, సగం పొరగా ఉన్నవాటినే అసలు బగ్ అంటారు. బూరుగ చెట్టు ఎర్ర పురుగు రెక్క అలా ఉంటుంది. మన మామిడి పురుగు రెక్క మొత్తం ఒకే రకం, ఇంటి కప్పులాగా వీపు మీద రెండు వైపులకు వాలి ఉంటుంది. ఆ గొడవ విద్యార్థులు పరీక్షకు చదువుకోండి. రైతులకు అక్కర్లేదు.

రైతులకు కావాల్సింది మూతి. ఈ కులాన్నంతా కలిపేది రెక్క కాదు, మూతి. గొంగళి పురుగుకు దవడలుంటాయి, ఆకు కొరికి నమిలి తింటుంది. దీనికి దవడలు లేవు. తల కింద ఒక సన్నటి గొట్టం మడిచి పెట్టుకుని ఉంటుంది. ఆ గొట్టంలో నాలుగు సూదులు, వెంట్రుక కంటే సన్నం. గొట్టం చెట్టులోకి పోదు, పైనే ఆగిపోతుంది. సూదులు మాత్రం దిగుతాయి. లోపలి రెండు సూదులు ఒకదానికొకటి అతుక్కుని రెండు కాలువలు చేస్తాయి. ఒక కాలువలోంచి పురుగు ఉమ్మి చెట్టులోకి పోతుంది, రెండో కాలువలోంచి చెట్టు రసం పురుగులోకి వస్తుంది. ఆసుపత్రిలో ఒకే చేతికి ఇంజక్షన్ ఇచ్చి, అదే సూదితో రక్తం కూడా తీసినట్టు.

దీన్నిబట్టి మీకొక ప్రశ్న. ఆకు మీద పొడిలాగా పడి, కొరికి తింటేనే పనిచేసే మందు దీని మీద పనిచేస్తుందా? ఎలా చేస్తుంది? ఇది ఆకు తినడం లేదు కదా. పైన పడిన మందును దాటేసి లోపలి రసం తాగుతోంది. అందుకే దీనికి ఒంటికి తగిలి చంపేదైనా కావాలి, చెట్టు రసంలోకి ఎక్కేదైనా కావాలి. నమిలే పురుగు మందు తెచ్చి దీని మీద కొట్టి, "మందు నకిలీది సార్" అని నా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామంది. మందు నకిలీదయిన సందర్భాలు లేవని కాదు, అదింకో ప్రసంగం.

ఇప్పుడు తేనె. ఈ పురుగు తేనె ఎందుకు కారుస్తుంది? ఎవరైనా చెప్తారా? పోనీ ఇలా చూడండి. పెళ్లి భోజనంలో ఆఖరి పంక్తిలో కూర్చున్నారు. అప్పటికి సాంబారు అడుగుకు వచ్చి, నీళ్లు పోసి పెంచేశారు. అందులో పప్పు దొరకాలంటే ఎన్ని గరిటెలు వేయించుకోవాలి? చెట్టు రసం ఆ సాంబారు లాంటిదే. చక్కెర బోలెడు, ఒంటికి కండ పట్టే సరుకు మాత్రం రవ్వంత. ఆ రవ్వంత కోసం పురుగు తాగుతూనే ఉండాలి. తాగిన చక్కెరంతా ఏం చేసుకుంటుంది? వెనక నుంచి చుక్కలు చుక్కలుగా వదిలేస్తుంది. అదే మన తేనెమంచు. పేరు బాగానే ఉంది కానీ, అది ఏమిటో తెలిశాక నాలుక మీద వేసుకోబుద్ధి కాదు.

ఫిబ్రవరిలో పురుగు పట్టిన తోపులో నడిచారా ఎప్పుడైనా? చొక్కా భుజాలు బంకగా అవుతాయి. కళ్లద్దాల మీద సన్న చుక్కలు పడతాయి, తుడిస్తే ఇంకా అలుక్కుపోతాయి. కొమ్మ కదిపితే చిటపటమని సన్న వాన పడ్డట్టు చప్పుడు. అది వాన కాదు, పురుగులు ఎగిరి ఆకులకు కొట్టుకునే చప్పుడు. కింద కలుపు మొక్కల ఆకులు కూడా ఎండలో వార్నిష్ వేసినట్టు మెరుస్తుంటాయి. పది రోజులు పోతే ఆ బంక మీద నల్ల బూజు పెరుగుతుంది. మసి మంగు అంటాం. అప్పుడు ఆకుకు ఎండ తగలదు. పూత మాడుతుంది, నిలిచిన పిందె రాలుతుంది.

సరే, సీసాల దగ్గరికి వద్దాం. ఎక్కడిదాకా వచ్చాయి? కుడివైపుది ఇంకా మూడో వరసలోనే ఉందా? త్వరగా, త్వరగా. బాబూ, ఆ అద్దం పురుగుకు దగ్గరగా కాదు, నీ కంటికి దగ్గరగా పెట్టుకుని సీసాను దగ్గరికి తెచ్చుకో. ఆ, అలాగ.

రెండూ ఒకే ఆకారం. ముందు తల వెడల్పు, వెనక్కి పోయేకొద్దీ సన్నం, పలుగు మొనలాగా. కుడి సీసాలోది కాస్త పెద్దది, నాలుగు నుంచి ఐదు మిల్లీమీటర్లు. ఎడమ సీసాలోది బియ్యపు నూకంత. సైజు చూసి చెప్పడం మీ వల్ల కాదు, నా వల్లా కాదు, కళ్లజోడు మార్చినా కాదు. సైజు వదిలేయండి. మెడ దాటాక, రెండు రెక్కలు కలిసే చోట, వీపు మీద ఒక చిన్న త్రికోణం ఉంటుంది. కొన కిందికి. దొరికిందా? అదే ఆధార్ కార్డు. కుడి సీసా పురుగుకు ఆ త్రికోణం మీద రెండు నల్ల చుక్కలు. ఎడమ సీసా పురుగుకు మూడు. అంతే.

రెండు చుక్కలది అమ్రిటోడస్ అట్కిన్‌సోని. మూడు చుక్కలది ఇడియోస్కోపస్ నిటిడ్యులస్. మూడు చుక్కలదానికి ఇంకో గుర్తు, రెక్కల మీద అడ్డంగా తెల్ల పట్టీ. రెండు చుక్కలది లేత గోధుమ రంగు, పట్టీ లేదు. పేర్లు నోరు తిరక్కపోతే రెండు చుక్కలది, మూడు చుక్కలది అనుకోండి. తిరుపతి పక్కనే ఉన్నవాళ్లం, మూడు అంటే మనకు మర్చిపోయే లెక్క కాదు.

ఈ పేర్ల వెనక ఒక చిన్న కథ ఉంది, చెప్పేస్తాను. 1889లో లెథియెర్రీ అనే ఫ్రెంచి ఆయన మన దేశం నుంచి పోయిన మామిడి పురుగులను వర్ణించి పేర్లు పెట్టాడు. రెండు చుక్కలదానికి అట్కిన్‌సోని అన్నాడు. అట్కిన్సన్ అంటే కలకత్తాలో ఇంగ్లీషు సర్కారు ఉద్యోగం చేస్తూ, మన దేశంలోని ఈ కులం పురుగుల మీద వరసగా రాసిన అధికారి. మూడు చుక్కలదానికి నివియోస్పార్సస్ అన్నాడు. లాటిన్లో దానర్థం మంచు చల్లినది అని. తెల్ల మచ్చలు చూసి పెట్టి ఉంటాడు. మనమూ మంచు పురుగనే అంటున్నాం! ఆయనకు మన పేరు తెలిసే అవకాశం లేదు, మనకు ఆయన పేరు తెలియదు, ఇద్దరం మంచే అన్నాం. తర్వాత తేలింది ఏమిటంటే, 1870లోనే వాకర్ అనే ఇంగ్లీషు ఆయన ఇదే పురుగుకు నిటిడ్యులస్ అని పేరు పెట్టేసి ఉన్నాడు. ముందు పెట్టిన పేరే చెల్లాలి, అది రూలు. స్కూలు రికార్డులో పేరే పేరు, ఇంట్లో ముద్దుపేరు ఎంత బాగుంటే ఏం? పాత పుస్తకాల్లో, కొన్ని కరపత్రాల్లో ఇప్పటికీ నివియోస్పార్సస్ అనే కనబడుతుంది. రెండూ ఒకటే, టెన్షన్ పడకండి. నాకు మటుకు మంచు పేరు పోయినందుకు కాస్త బాధే.

చుక్కలు ఎన్నయితే మాకేం సార్, రెండూ రసమే కదా తాగేది అంటారా? ఎవరో ఆ మాట అన్నట్టే వినబడింది. అక్కడే ఉంది అసలు సంగతి.

మూడు చుక్కలదానికి పూత అంటే ప్రాణం. పూమొగ్గ కదిలీ కదలగానే కొమ్మ చివరికి చేరుతుంది. ఆడ పురుగు పూగుత్తి కాడను, మొగ్గను, లేత ఆకు ఈనెను కోసి లోపల గుడ్డు దూర్చేస్తుంది. ఒక్కొక్కటి నూరు నుంచి రెండు నూర్ల గుడ్లు. నాలుగు నుంచి ఏడు రోజుల్లో పిల్లలు. పిల్లలకు రెక్కలుండవు, ముట్టుకుంటే ఎండ్రకాయలాగా అడ్డంగా పరుగెడతాయి. ఐదుసార్లు కుబుసం విడిచి, రెండు మూడు వారాల్లో పెద్దదవుతుంది. సీతాకోకచిలుకకు ఉన్నట్టు గూడు కట్టుకుని నిద్రపోయే దశ దీనికి లేదు. పుట్టిన రోజు నుంచీ తాగడమే పని. అంటే పూత మొదలై పిందె కట్టేలోపు తల్లి, బిడ్డ, మనవరాలు ముగ్గురూ మీ చెట్టు మీద భోంచేసే వీలుంది. ఒక పూగుత్తికి వందల నుంచి వేల దాకా పూలు, నిలిచేది ఒకటో రెండో కాయలు. ఆ ఒకటీ రెండూ కూడా దీని పాలయితే ఇంకేం మిగులుతుంది?

రెండు చుక్కలది అలా కాదు. పూతకు రాదని కాదు, వస్తుంది, పూతా చిగురూ రెండూ దానికి ఇష్టమే. కానీ దాని కాపురం మాను మీద. మాను, లావు కొమ్మలు, బెరడు పగుళ్లు. పూత సీజన్‌లో మీరు తలెత్తి పూగుత్తులు చూస్తుంటే, ఇది మీ భుజం ఎత్తులో, మీ పక్కనే మాను మీద ఉంటుంది. వానాకాలంలో కోత అయిపోయాక కొత్త చిగురు వేస్తుంది కదా, జూన్ నుంచి ఆగస్టు దాకా, అప్పుడు ఆ చిగురు మీద ఇంకో కాన్పు. ఆ నెలల్లో తోపు వైపు చూసే నాథుడుండడు. కాయ కోసేశాం, డబ్బులొచ్చాయి, లేదా రాలేదు, మళ్లీ డిసెంబరు దాకా తోపులోకి పోయేది ఎవరు?

ఇంకో చిక్కు కూడా చెప్పాలి, లేకపోతే నేను మిమ్మల్ని మోసం చేసినట్టవుతుంది. ఈ నవంబరులో మీరు పోయి చూస్తే రెండూ మాను మీదే దొరకొచ్చు. పూత లేని కాలంలో అన్ని రకాలూ బెరడు సందుల్లోకి, గుబురు నీడలోకి చేరుకుంటాయి. నేను కూడా ఈ రెండు సీసాలూ ఒకే చెట్టు కింద నింపాను. పూత వచ్చాకే దారులు వేరవుతాయి.

నా సొంత కథ ఒకటి చెప్తాను. అప్పుడు నాకు కొత్తగా ఉద్యోగం. పాకాల పక్కన మాకు మూడెకరాల తోపు ఉండేది. తోతాపురి, మధ్య మధ్య బేనీషా, గట్టు మీద నాలుగు నీలం చెట్లు. ఆ సంవత్సరం పూత అద్భుతంగా వచ్చింది, దాంతోపాటే పురుగూ వచ్చింది. మా నాయనకు నేనంటే అప్పటికి కాస్త గురి. బిడ్డ పురుగుల చదువు చదివినాడు అని ఊరంతా చెప్పుకునేవాడు. నేను పోయి, పూగుత్తులు తడిసేట్టు కొట్టించు నాయనా అన్నాను. కొట్టించాడు. నాలుగు రోజులు శుభ్రం. పదో రోజు మళ్లీ పురుగు. ఇంకోసారి కొట్టించు అన్నాను. మళ్లీ అదే కథ. మూడోసారీ కొట్టించాం. అప్పటికి మందు డబ్బులు, కూలీ డబ్బులు నా నెల జీతం దాటిపోయాయి.

మూడోసారి తర్వాత మా నాయన నన్ను మాను దగ్గరికి పిలిచాడు. ఏమీ మాట్లాడలేదు. ఒక చేత్తో మానును ఇటువైపు నుంచి ఆనించి, ఇంకో చెయ్యి అటువైపు నుంచి తెచ్చాడు. రెండు చేతుల మధ్య బెరడు మీద పాతిక పురుగులు. "నీ పుస్తకంలో చెట్టుకు మాను ఉండదా?" అన్నాడు.

అంతకు ముందు నేను మాను చూడలేదనుకుంటున్నారా? చూశాను. చూసి, శుభ్రంగా ఉంది అనుకున్నాను. ఎందుకంటే ఈ పురుగుకు ఒక అలవాటుంది. మీరు ఎటు నిలబడితే దానికి అవతలి వైపుకు మెల్లగా, అడ్డంగా జరిగిపోతుంది. గుడిలో స్తంభం చాటున దాక్కునే పిల్లల్లాగా. మీరు చుట్టూ తిరిగితే అదీ తిరుగుతుంది. డిగ్రీలున్న నేను మాను చుట్టూ ప్రదక్షిణం చేసి శుభ్రంగా ఉంది అన్నాను, నాయన రెండు చేతులు పెట్టాడు. ఆ చేతుల మధ్య దొరికినవన్నీ రెండు చుక్కలవే. మేము మూడుసార్లు కొట్టింది మూడు చుక్కలదాని ఇంటికి.

కాబట్టి ఇప్పుడు ఈ నెలలో మీరు చెయ్యగలిగింది ఏమిటి? పూతకు ఇంకా నెలపైన ఉంది. మందు గురించి తర్వాత, ముందు వెలుతురు. పాత పద్ధతిలో పదేసి మీటర్లకు ఒక చెట్టు, ఎకరాకు నలభై. ఆ దూరంలో పెట్టినా ముప్పై ఏళ్లకు కొమ్మలు ఒకదాంట్లో ఒకటి దూరిపోతాయి. మధ్యాహ్నం పన్నెండుకు తోపులో నిలబడి పేపరు చదవలేకపోతున్నారంటే ఆ తోపు ఈ పురుగుకు లాడ్జి. నీడ, తేమ, గాలి ఆడకపోవడం, మూడూ దానికి ఇష్టం. గుబురు కొమ్మలు కోత అయిన వెంటనే తీయించాలి. ఇప్పుడు తీస్తే పూత కొమ్మలు పోతాయి, ఎండు కొమ్మలు మాత్రం తియ్యండి. ఈ జాగ్రత్త రెండు చుక్కలదానికీ, మూడు చుక్కలదానికీ సమానంగా తగులుతుంది.

తర్వాత రెండు చేతుల పరీక్ష. మా నాయన చేసిందే. తోపులో ఒక మూల రెండు చెట్లు, మధ్యలో రెండు, అలా పది చెట్లు చూడండి. మాను మీద పురుగుంటే మందు మొదలయ్యేది మాను నుంచి. పూమొగ్గ కనబడే సమయానికి మాను, లావు కొమ్మలు, ఆ తర్వాతే పైకి. గుత్తి బయటపడ్డాక రెండో పరీక్ష. గుత్తి కింద తెల్ల ప్లేటు పట్టి రెండుసార్లు తట్టండి. గుత్తికి నాలుగైదు పురుగులు పడుతుంటే ఇంక ఆగొద్దు. ఒకటీ అరా పడితే ఆగండి, మళ్లీ మూడు రోజులకు చూడండి.

మందు పేర్లు మీకు నాకంటే బాగా తెలుసు. ఇమిడాక్లోప్రిడ్ లీటరుకు 0.3 మిల్లీలీటరు, అంటే పది లీటర్లకు మూడు మిల్లీలీటర్లు. ఎక్కువ పోస్తే ఎక్కువ చస్తాయి అనుకుని మూతలతో పోసేవాళ్లున్నారు, వద్దు. ఇది రసంలోకి ఎక్కే మందు, కాబట్టి సూది దించినప్పుడు తగులుతుంది. బుప్రోఫెజిన్ అని ఇంకోటుంది, అది పిల్ల పురుగుల కుబుసాన్ని చెడగొడుతుంది. రెక్కలొచ్చిన పెద్దవాటిని అది ఏమీ చెయ్యదు, అవి ఇంక కుబుసం విడవవు కదా! గుడ్డును ఏ మందూ సరిగ్గా చేరదు, అది కాడ లోపల దాగి ఉంటుంది. అందుకే ఒకసారి కొట్టాక వారం పది రోజులకు మళ్లీ ప్లేటు పట్టి చూడమనేది. ఒకటే మందు ఏళ్ల తరబడి కొడితే పురుగు దానికి అలవాటు పడుతుంది, మార్చి మార్చి వాడండి.

పూత పూర్తిగా విచ్చుకున్నప్పుడు మాత్రం దయచేసి కొట్టకండి. మామిడికి పుప్పొడి మోసేది ఎక్కువగా ఈగలు. అవును, ఈగలే, మొహం చిట్లించకండి. తేనెటీగలు కూడా వస్తాయి. విచ్చుకున్న పూత మీద మందు పడితే అవి పోతాయి. పురుగు తినకపోయినా కాయ నిలవదు. మొగ్గలో ఒకసారి, పిందె కట్టాక అవసరమైతే ఒకసారి.

ఇంక ప్రశ్నలు అడగండి. ఆ, చెప్పమ్మా, డిగ్రీ చదువుతున్నావా?

మూడో రకం ఉందా అని అడుగుతోంది. ఉంది. ఇడియోస్కోపస్ క్లైపియాలిస్. అన్నింటికంటే చిన్నది, మూడున్నర మిల్లీమీటర్లు. దానికీ త్రికోణం మీద రెండు చుక్కలే. నవ్వండి, నవ్వండి, సార్ ఇంతసేపు చెప్పిందంతా పోయిందని. తేడా తల మీద ఉంది. దీనికి తల పైభాగంలో కూడా నల్ల చుక్కలుంటాయి. అలవాట్లలో ఇది మూడు చుక్కలదాని పక్కనే నిలబడుతుంది, ఆకు మీద, పూత మీద ఉంటుంది. అందుకే మాను మీద దొరికిందా, పూత మీద దొరికిందా అనేది చుక్కలతో పాటు రాసుకోండి. మన వైపు తోపుల్లో ఈ మూడూ కలిసే కనబడతాయి.

ఆ పెద్దాయన ఏమంటున్నారు? మంగు పట్టిన ఆకు మళ్లీ పచ్చబడుతుందా అని. పచ్చబడుతుంది సామీ. ఆ నలుపు ఆకు లోపలికి పోదు, పైన బంక మీదే పెరుగుతుంది. గోటితో గీరి చూడండి, కింద ఆకు పచ్చగానే ఉంటుంది. కిలో మైదా ఐదు లీటర్ల నీళ్లలో ఉడకబెట్టి, చల్లార్చి, ఇరవై లీటర్లు చేసి కొట్టండి. ఎండ బాగున్న రోజు కొట్టాలి, మబ్బు రోజు కాదు. ఎండకు గంజి ఆరి పొరలాగా లేస్తుంది, మంగును కూడా పట్టుకుని లేస్తుంది. గంజి పెట్టిన పంచె ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? కానీ పురుగు ఉండగా మంగు కడిగితే మళ్లీ పడుతుంది. ముందు పురుగు సంగతి చూడండి.

చివరి ప్రశ్న, అక్కడ వెనక అక్క. ఏమంటున్నారు? సాయంత్రం తోపులో ఎండాకులు కుప్పేసి పొగ వేస్తే పురుగు పోతుంది, మా అత్తగారు అదే చేసేది అంటున్నారు.

పోతుందక్కా. మీ అత్తగారు చూసింది నిజమే, పొగకు లేచి పోతాయి. ఎక్కడికి పోతాయి? రెక్కలున్నాయి కదా, గట్టు దాటి పక్క తోపులో వాలతాయి. పొగ ఆరాక తిరిగొస్తాయి. మీ పక్క తోపు ఎవరిది? ఆ, తోడికోడలిదా! అయితే ఇంక పొగ మానేసి, ఆమెతో మాట్లాడి ఇద్దరూ ఒకే రోజు మందు కొట్టించండి. మాటల్లేవా? మరి మీవాళ్లలో ఎవరినైనా మధ్యవర్తిగా పంపండి, డిసెంబరు లోపల.